ఇంటి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఖాతాల నిల్వ: డుమస్ రోడ్డు నుంచి లింబాయత్ దాకా అడిగే ప్రశ్నలు

సూరత్ నగరపాలక సంస్థ బడులు ఏడు భాషల్లో నడుస్తాయి. అందులో తెలుగు ఒకటి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన పద్మశాలీలు తరాలుగా లింబాయత్, ఉధ్నా మగ్గాల షెడ్లలో బతుకుతున్నారు. తాపీ అవతల హజీరా కర్మాగారాల్లో ఉద్యోగాలకు వచ్చిన తెలుగువాళ్లు నదికి ఇవతల డుమస్ రోడ్డు వైపు అద్దెకుంటున్నారు. ఇద్దరి ఆదాయాలకూ పొంతన లేదు. ఖాతాల చిక్కు మాత్రం ఒకటే: ఊళ్లో తెరిచిన ఖాతా ఒకటి, జీతం పడేది ఇంకొకటి, పీఎఫ్, చిట్టీ, బంగారం మీద అప్పు. ఇవన్నీ కలిపితే చేతిలో ఉన్నదెంత? ఆ లెక్క ఇచ్చేదే నిల్వ నివేదిక. అది తీసేటప్పుడు వచ్చే హక్కుల ప్రశ్నలు, నియమాల ప్రశ్నలు ఇవి.

పాస్‌బుక్ ఉంది, ఫోన్‌లో బ్యాంకు యాప్ ఉంది. మళ్లీ ఈ నివేదిక ఎందుకు?

పాస్‌బుక్ చెప్పేది ఒక్క బ్యాంకు మాట. అదీ బ్యాంకు రాసుకున్న మాట. నివేదిక మీరు రాసుకున్నది. రెండూ పక్కన పెట్టి చూస్తేనే తేడా బయటపడుతుంది. బ్యాంకు విషయంలో మీకున్న హక్కులకు దాదాపు అన్నిటికీ గడువు ఉంది. మూడు రోజులు, ముప్పై రోజులు, అలా. తేడా ఆరు నెలల తరువాత కనబడితే హక్కు ఉన్నా చేతికి రాదు. నెలకోసారి నివేదిక తీయమనేది అందుకే.

పొదుపు ఖాతా ఉన్న వ్యక్తికి బ్యాంకు పాస్‌బుక్ ఇవ్వాలి. పాస్‌బుక్ బదులు స్టేట్‌మెంట్ కోరుకుంటే నెలనెలా ఇవ్వాలి. ఈ రెంటికీ ఖర్చు వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2006లోనే చెప్పింది.

నివేదిక ఎలా తీయాలి? డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేరే కావాలా?

అక్కర్లేదు. గ్నూక్యాష్ ఉచితం, 1998 నుంచీ ఉంది. మన పాత షావుకార్ల చిట్టా, ఆవర్జా పద్ధతి తెలిసినవాళ్లకు దీని తీరు కొత్తగా అనిపించదు. ప్రతి పద్దుకూ రెండు కొసలుంటాయి: ఒకచోట నుంచి పోయింది, ఒకచోటికి చేరింది. ముందుగా ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చు అని నాలుగు పెద్ద కొమ్మలు పెట్టుకుని, ఒక్కో ఖాతాకు ప్రారంభ నిల్వ రాయాలి. ఖాతాల పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. ఆ తరువాత రిపోర్ట్స్ మెనూలో అకౌంట్ సమరీ తీస్తే ఖాతావారీ నిల్వలు వస్తాయి. బ్యాలెన్స్ షీట్ తీస్తే ఆస్తుల్లో అప్పులు పోగా మిగిలేది కనిపిస్తుంది.

రెండింటిలోనూ ఆప్షన్స్‌లోకి వెళ్లి తేదీ ఎంచుకోండి. ఏ తేదీనాటికో రాయని నిల్వ ఎందుకూ పనికిరాదు. జీతం పడిన మర్నాడు తీసిన నివేదికనూ నెలాఖరున తీసినదాన్నీ పోల్చుకుని బెంబేలు పడేవాళ్లు చాలామందే ఉంటారు.

నా నివేదికలో 12,400 రూపాయలు. బ్యాంకు 12,164 అంటోంది. ఎవరిది తప్పు?

236 రూపాయల తేడా చూడగానే ఒక అనుమానం రావాలి: 200 రూపాయల రుసుము, దానిమీద 18 శాతం జీఎస్‌టీ 36. స్టేట్‌మెంట్‌లో వెతకండి. దొరక్కపోతే మీరిచ్చిన చెక్కు ఇంకా మారలేదేమో, ఒక పద్దు రెండుసార్లు రాశారేమో చూడండి. గ్నూక్యాష్‌లో ప్రతి పద్దు పక్కనా ఒక అక్షరం ఉంటుంది: రాసి వదిలేసినదానికి ఎన్, బ్యాంకులో మారిందని తెలిసినదానికి సి, స్టేట్‌మెంట్‌తో సరిచూసినదానికి వై. ఖాతా కింది వరసలో ఈరోజు నిల్వ, రాబోయే తేదీల పద్దులూ కలిపిన నిల్వ, మారిన నిల్వ, సరిచూసిన నిల్వ విడివిడిగా కనిపిస్తాయి. బ్యాంకుతో పోల్చాల్సింది చివరిదాన్ని.

ఆ 200 కనీస నిల్వ లేనందుకు పడిన జరిమానా అయితే ఊరుకోకండి. 2015 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న నియమాలు ఇక్కడ వర్తిస్తాయి. నిల్వ తగ్గిందని బ్యాంకు ముందు ఎస్సెమ్మెస్ ద్వారానో ఈమెయిల్, ఉత్తరం ద్వారానో తెలపాలి. సరిచేసుకోవడానికి కనీసం నెల రోజుల గడువివ్వాలి. జరిమానా గంపగుత్తగా కాకుండా, ఎంత తగ్గిందో దానిలో నిర్ణీత శాతంగా ఉండాలి. ఈ జరిమానా ఒక్కదానివల్లే ఖాతా నిల్వ సున్నా కిందికి దిగకూడదు. మీ నివేదికలో ఏ పొదుపు ఖాతాకైనా మైనస్ గుర్తు కనిపించిందంటే మొదట చూడాల్సింది ఇదే. బేసిక్ సేవింగ్స్ ఖాతాకు కనీస నిల్వ నిబంధనే లేదు. స్టేట్ బ్యాంకు తన పొదుపు ఖాతాలన్నిటికీ దాన్ని 2020 మార్చిలో ఎత్తేసింది.

స్టేట్‌మెంట్‌లో పద్దులు అర్థం కావు. ఏ ఖర్చు కింద రాయాలి?

డుమస్ తీరంలో టమాటా భజియా బండి దగ్గర క్యూఆర్ కోడ్‌కు కట్టిన 60 రూపాయలు స్టేట్‌మెంట్‌లో ఎవరో వ్యక్తి పేరుతో, పొడవాటి అంకెతో కనిపిస్తాయి. అది బండివాడి సొంత పేరు. బ్యాంకు తప్పు కాదు. ఆ రోజే ఫోన్‌లో రాసుకోవడం తప్ప దీనికి మందు లేదు.

బ్యాంకు తనంతట తాను వేసిన పద్దుల సంగతి వేరు. తలాతోకా తెలియని పొడి అక్షరాలు రాయొద్దని, డబ్బు ఎవరికి వెళ్లింది, ఏ మార్గంలో వెళ్లింది, రుసుమైతే అది దేనికి అన్న వివరాలు పాస్‌బుక్‌లోనూ స్టేట్‌మెంట్‌లోనూ ఉండాలని రిజర్వు బ్యాంకు 2017 జూన్‌లో ఆదేశించింది. సహకార బ్యాంకులకూ ఆ వెంటనే అదే మాట చెప్పింది. సహకార బ్యాంకులు గట్టిగా వేళ్లూనుకున్న సూరత్‌లో ఇది పనికొచ్చే సంగతి. ‘చార్జీలు’ అని మాత్రమే ఉన్న పద్దుకు వివరం రాతపూర్వకంగా అడగవచ్చు.

నేను చేయని లావాదేవీ నివేదికలో బయటపడింది. ఎన్ని రోజుల్లో చెప్పాలి?

ముందు బ్యాంకుకు, ఆ వెంటనే 1930 సైబర్ నేరాల నంబరుకు ఫోన్ చేయండి. మిగతాది తరువాత చదవండి.

రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశం దీనికి ఆధారం. తప్పు బ్యాంకుదైతే మీరు ఎప్పుడు చెప్పినా నష్టం మీది కాదు. తప్పు మీదీ బ్యాంకుదీ కాక మధ్యలో ఎక్కడో జరిగితే, సమాచారం అందినప్పటి నుంచి మూడు పనిదినాల్లో చెప్పినవాళ్లకు నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే బేసిక్ ఖాతాకు గరిష్ఠంగా 5,000, మామూలు పొదుపు ఖాతాకు 10,000 రూపాయల వరకు మీ నెత్తిన పడవచ్చు. ఆపైన బ్యాంకు బోర్డు పెట్టుకున్న విధానమే దిక్కు. మీరు చెప్పిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని బ్యాంకు తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలి. 90 రోజుల్లో తేల్చాలి. తప్పు మీదని రుజువు చేసే బాధ్యత బ్యాంకుదే.

వలస వచ్చినవాళ్లకు ఇందులో ఒక మెలిక ఉంది. పనిదినాలను మీ ఖాతా ఉన్న శాఖ క్యాలెండరు ప్రకారం లెక్కిస్తారు, సమాచారం అందిన రోజును వదిలేసి. వరంగల్ శాఖ ఖాతా అయితే తెలంగాణ సెలవులే లెక్క. ఉత్తరాయణానికి సూరత్‌లో బ్యాంకులు మూశారని ఇంకో రోజు ఉందనుకుంటే మోసపోతారు. ఊళ్లో ఆ రోజు బ్యాంకు తెరిచే ఉండవచ్చు.

ఓటీపీయో, పాస్‌వర్డో మీరే ఇచ్చి ఉంటే మాత్రం, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మీది. చెప్పిన తరువాత జరిగింది బ్యాంకుది.

ఒక యాప్ ఖాతాలన్నీ తానే కలిపి నిల్వ చూపిస్తానంటోంది. నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ అడుగుతోంది. ఇవ్వొచ్చా?

వద్దు.

పాస్‌వర్డ్ ఇవ్వకుండానే ఖాతాలు కలిపే చట్టబద్ధమైన దారి మన దేశంలో ఉంది. దాన్ని అకౌంట్ అగ్రిగేటర్ అంటారు. రిజర్వు బ్యాంకు 2016 సెప్టెంబరులో దీనికి నియమాలు రాసింది. 2021 సెప్టెంబరులో పెద్ద బ్యాంకులతో ఇది అమల్లోకి వచ్చింది. లైసెన్సు ఉన్నవాటిలో వన్‌మనీ హైదరాబాదుదే. అగ్రిగేటర్ మీ పాస్‌వర్డ్‌గానీ పిన్‌గానీ అడగకూడదు, దాచుకోకూడదు. తన గుండా వెళ్లే సమాచారాన్ని తాను చదవలేదు, అట్టే పెట్టుకోనూ కూడదు. మీరిచ్చే సమ్మతిలో ఏ ఖాతా, ఎందుకు, ఎన్నాళ్లు అన్నవి రాసి ఉండాలి. సమ్మతికి వాడే ప్రయోజనాల పట్టికలో ‘ఖర్చుల తీరు, బడ్జెట్, నివేదికలు’ ఒకటి, ‘కలిపిన స్టేట్‌మెంట్’ ఒకటి. అంటే నిల్వ నివేదిక కోసం ఇవ్వాల్సిన సమ్మతి వేరు, అప్పు కోసం ఇచ్చేది వేరు. తెరమీద ఏది ఉందో చూసి నొక్కండి. ఇచ్చిన సమ్మతిని ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.

ఈ దారిలో సమాచారం తీసుకునే సంస్థ రిజర్వు బ్యాంకు, సెబీ, బీమా, పింఛను నియంత్రణ సంస్థల్లో ఏదో ఒకదాని కింద నమోదై ఉండాలి. ఎవరో ఇద్దరు కుర్రాళ్లు రాసిన యాప్‌కు ఆ అర్హత లేదు కాబట్టే అది పాస్‌వర్డో, ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతో అడుగుతుంది. ఎస్సెమ్మెస్ అనుమతి ఇస్తే నిల్వలతోపాటు ఓటీపీలూ దానికి కనిపిస్తాయి.

నన్నడిగితే, నాలుగైదు ఖాతాలున్న ఇంటికి అగ్రిగేటరు కూడా తప్పనిసరి కాదు. నెలకోసారి స్టేట్‌మెంట్ దించుకుని చేత్తో ఎక్కించడం గంట పని. చేత్తో రాసినప్పుడే కన్ను పడుతుంది.

మా ఆవిడ ఖాతా, అమ్మ ఖాతా కూడా నా నివేదికలో పెట్టుకోవచ్చా?

వాళ్లు చెప్పిన అంకెలు రాసుకోవచ్చు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఒక వ్యక్తి సొంతానికో ఇంటి అవసరానికో వాడుకునే సమాచారానికి వర్తించదు. కానీ ఆవిడ నిల్వ ఎంతో చెప్పమని బ్యాంకును అడిగే హక్కు భర్తకు లేదు. ఖాతాదారు రహస్యం కాపాడటం బ్యాంకు బాధ్యత. ఆవిడకు తెలియకుండా ఆవిడ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లడం సమాచార సాంకేతిక చట్టం కింద నేరం: మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. భార్యాభర్తలకు మినహాయింపు లేదు.

చిట్టీని ఆస్తిలో రాయాలా, అప్పులో రాయాలా?

తెలుగువాళ్ల ఇళ్లలో తరచూ పుట్టే ప్రశ్న ఇది. గ్నూక్యాష్ చేసినవాళ్లకు చిట్టీ తెలియదు కాబట్టి దీనికి తయారుగా ఉన్న గడి లేదు, మనమే కల్పించుకోవాలి.

20 మంది, 20 నెలలు, నెలకు 5,000, లక్ష రూపాయల చిట్టీ అనుకుందాం. పాట పాడుకునేదాకా మీరు కట్టినది ఆస్తి. ‘చిట్టీలో ఉన్నది’ అని ఆస్తుల కింద ఒక ఖాతా తెరవండి. డివిడెండు పోను నిజంగా కట్టినదే రాయండి, 5,000 కాదు. లక్ష వస్తుందని లక్ష రాసుకోవడం చాలామంది చేసే పని. చేతికి లక్ష ఎప్పుడూ రాదు. చివరి నెలలో ఎత్తుకున్నా నిర్వాహకుడి కమీషను పోతుంది.

ఆరో నెలలో 25,000 తగ్గించి పాడి 75,000 తెచ్చుకున్నారనుకోండి. ఆ రోజుతో చిట్టీ మొహం మారుతుంది. అప్పటిదాకా నెలకు 4,000 చొప్పున కట్టిన 24,000 ఆస్తుల్లోంచి తీసేయాలి. మిగిలిన 14 నెలల 70,000 అప్పుల్లో చేరాలి. బ్యాంకులో 75,000 పెరిగిందని సంబరపడి నివేదిక చూస్తే మొత్తం మీద 19,000 తగ్గి ఉంటుంది. ఇకపై నెలనెలా వచ్చే డివిడెండుతో ఆ నష్టం కొంత పూడుతుంది. పాడిన నెలలో అప్పు రాయకపోవడమే చిట్టీ లెక్కల్లో అసలు తప్పు. పెళ్లి ఖర్చుకు సరిపడా ఉందనిపించేది అందుకే.

ఇక హక్కులు. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా చిట్టీ మొదలుపెట్టకూడదు. ఒప్పందం నకలు సభ్యుడికి ఇవ్వాలి. పాడుకోని సభ్యులకు చిట్టీ రికార్డులు చూసుకునే వీలు కల్పించాలి. షెడ్డులో నలుగురు కలిసి నమ్మకం మీద నడుపుకునే చిట్టీకి ఈ రక్షణ ఏదీ అక్కరకు రాదు. దాన్ని నివేదికలో బ్యాంకు డిపాజిట్ పక్కన కాకుండా చేబదుళ్ల పక్కన పెట్టడం నా పద్ధతి.

పీఎఫ్ నిల్వ ఎంత రాయాలి?

జీతపు చీటీలోని మొత్తం కాదు, పీఎఫ్ పాస్‌బుక్‌లోని మొత్తం. 15,000 మూలవేతనం మీద మీ వాటా 12 శాతం 1,800. యజమాని వాటా కూడా 1,800. కానీ యజమాని వాటాలో 1,250 పింఛను పథకానికి పోతుంది. 550 మాత్రమే మీ నిల్వలో చేరుతుంది. కాబట్టి నెలకు పెరిగేది 2,350, 3,600 కాదు. పింఛను వాటాను నిల్వలో కలపకండి. యజమాని ఏ నెల సొమ్మునైనా తరువాతి నెల 15లోగా జమ చేయాలి. మీ నివేదికలో ఉండి పాస్‌బుక్‌లో లేని నెల ఉందంటే, అది మగ్గాల షెడ్డు అయినా పెద్ద కర్మాగారమైనా అడగాల్సిందే.

ఊళ్లో పాత ఖాతా ఉంది. ఏళ్లుగా ముట్టుకోలేదు. నివేదికలో ఉంచాలా?

ఉంచాలి. మీ వైపు నుంచి రెండేళ్లపాటు లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రాణమవుతుంది. పదేళ్లు దాటితే సొమ్ము రిజర్వు బ్యాంకు దగ్గరున్న డిపాజిటర్ల నిధికి వెళుతుంది. పోయినట్టు కాదు, బ్యాంకు ద్వారా మీరో మీ వారసులో ఎప్పుడైనా అడగవచ్చు. ఎక్కడుందో మరిచిపోతే వెతకడానికి 2023 ఆగస్టులో ఉద్గం పోర్టల్ తెచ్చారు.

2024 ఏప్రిల్ 1 నుంచి నిద్రాణ ఖాతాలపై కనీస నిల్వ జరిమానా వేయకూడదు. తిరిగి మేలుకొల్పడానికి రుసుమూ తీసుకోకూడదు. కేవైసీ కాగితాలను ఆ బ్యాంకు ఏ శాఖలోనైనా ఇవ్వవచ్చు. ‘మీ ఊరి శాఖకే వెళ్లండి’ అని సూరత్ శాఖవాళ్లు అంటే ఈ నియమం గుర్తుచేయండి. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్ దాకా వెళ్లే పని లేదు.

ఒకే సహకార బ్యాంకులో నాలుగు డిపాజిట్లు. నివేదికలో విడివిడిగా ఉంటే చాలా?

బ్యాంకువారీ మొత్తం కూడా తీయండి. డిపాజిట్ బీమా 5 లక్షలు ఖాతాకు కాదు. ఒక బ్యాంకులో ఒక మనిషికి, అన్ని శాఖలూ అసలూ వడ్డీ కలిపి. 2020 ఫిబ్రవరి 4కు ముందు ఇది లక్షే.

బ్యాంకు అప్పుకో వీసాకో ఈ నివేదిక చూపిస్తే ఒప్పుకుంటారా?

ఒప్పుకోరు. వాళ్లకు బ్యాంకు ఇచ్చిన స్టేట్‌మెంటే కావాలి. కోర్టులో బ్యాంకు పుస్తకాల ధ్రువీకరించిన నకలుకు 1891 చట్టం నుంచీ ప్రత్యేక విలువ ఉంది. మీ సొంత లెక్కల పుస్తకం, కంప్యూటర్లో ఉన్నదైనా సరే, క్రమం తప్పకుండా రాసినదైతే సాక్ష్యంగా పరిశీలిస్తారు. దాని ఒక్కదాని మీదే ఎవరినీ బాధ్యుణ్ని చేయరు. చేబదులు తీసుకున్నవాడు ఎగ్గొడితే గ్నూక్యాష్ పద్దుతోపాటు యూపీఐ రుజువో, కాగితమో ఉండాలి.

పన్నుకూ దీనికీ సంబంధం ఏమిటి?

రిటర్నులో నిద్రాణ ఖాతాలు తప్ప మీ బ్యాంకు ఖాతాలన్నీ చూపాలి. నివేదికలోని జాబితా అక్కడికి నేరుగా పనికొస్తుంది. పొదుపు ఖాతా వడ్డీ కూడా ఆదాయమే. పాత పద్ధతిలో 10,000 దాకా తగ్గింపు ఉంది, కొత్త పద్ధతిలో లేదు. పన్నుశాఖ వార్షిక సమాచార పత్రంలో మీ వడ్డీ అంకె ఉంటుంది. మీ దానితో సరిపోయిందో లేదో చూసుకోండి. ఇంకొకటి: అప్పు 20,000 లేదా అంతకు మించితే నగదుగా తీసుకోకూడదు, తిరిగి కట్టకూడదు. చేబదుళ్ల ఖాతాలో ఆ అంకె దాటిన నగదు పద్దు కనిపిస్తే అది జరిమానాను పిలుస్తుంది.

ఏళ్లు రాసిన లెక్క సాఫ్ట్‌వేర్ మూతపడితే?

మైక్రోసాఫ్ట్ మనీ అమ్మకం 2009లో ఆగిపోయింది. అమెరికాలో లక్షలమంది వాడిన మింట్ 2024 మార్చిలో మూతపడింది. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా సీఎస్‌వీగా బయటికి తీసుకునే వీలుందో లేదో మొదటి రోజే చూడండి. ఏడాదికోసారి తీసి దాచండి, నివేదికను కాగితం మీద కూడా అచ్చు వేయండి.

బ్యాంకు వినకపోతే ఎవరికి చెప్పాలి? గుజరాతీ రాదు.

సూరత్ శాఖల్లో ఫారాలు గుజరాతీ, హిందీ, ఇంగ్లిష్‌లో ఉంటాయి. తెలుగు ఉండాలని అక్కడ పట్టుబట్టే హక్కు లేదు. అయితే రిజర్వు బ్యాంకు నంబరు 14448కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు.

మొదట బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబరు తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. 2021 నవంబరు 12న సమీకృత పథకం వచ్చాక ఏ ప్రాంతపు అంబుడ్స్‌మన్ అన్న బెడద పోయింది. వరంగల్ శాఖ మీద డుమస్‌లో కూర్చునే ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. జతచేయాల్సినవి: బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదు, దాని నంబరు, వచ్చిన జవాబు, తేడా ఉన్న నెల స్టేట్‌మెంట్, అదే తేదీల మధ్య మీ ఖాతా పద్దుల అచ్చు. తేడా పడిన పద్దును రెంటిలోనూ గుర్తుపెట్టి పంపండి.